రొయ్యల గుంట యాప్‌కి గైడు రాస్తున్నాం: మూడో ఏడాది సీఎస్‌ఈ క్లాసు డైరీ

జూలై, క్లాసులు మొదలైన వారం

ఈ సెమిస్టర్‌లో మూడో ఏడాది సీఎస్‌ఈ పిల్లలకి టెక్నికల్ రైటింగ్ చెప్పే క్లాసు నాకిచ్చారు. మా కాలేజీ నెల్లూరుకీ కావలికీ మధ్య హైవే పక్కన ఉంటుంది, జేఎన్‌టీయూ అనంతపురం కింద. పిల్లలు కోవూరు, కొడవలూరు, అల్లూరు, బిట్రగుంట వైపు నుంచి, కొందరు వింజమూరు, ఆత్మకూరు నుంచి కూడా కాలేజీ బస్సుల్లో వస్తారు. చాలామంది తెలుగు మీడియంలోనో, పేరుకి ఇంగ్లీషు మీడియం అయినా పాఠమంతా తెలుగులోనే విన్న స్కూళ్ళలోనో చదివినవాళ్ళు. కోడింగ్ బాగానే చేస్తారు, రాయమంటే మాత్రం పెన్ను కదలదు.

మామూలుగా ఈ క్లాసంటే లెటర్లు, రెజ్యూమె, రిపోర్టు ఫార్మాటు. అవి త్వరగానే చెప్పేయొచ్చు. నేను అనుకున్నది వేరు. ఎవరో ఒకరు నిజంగా వాడాల్సిన ప్రోగ్రాము ఒకటి తీసుకుని, ఆ వాడే మనిషి కోసం, సెమిస్టర్ అంతా కూర్చుని గైడు రాయాలి. ప్రోగ్రాము కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. పోయినేడు ఫైనలియర్ వాళ్ళు రొయ్యల గుంటల కోసం ఒక యాప్ చేసి వెళ్ళారు. రైతు రోజూ డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, సెలినిటీ (నీళ్ళ ఉప్పదనం), వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) మిగిలింది ఎంటర్ చేస్తే గ్రాఫ్ చూపిస్తుంది, డీఓ తగ్గితే ఎర్రగా హెచ్చరిక ఇస్తుంది. పైథాన్, ఫ్లాస్క్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో చేశారు, ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో కోడ్ అంతా ఉంది, చాలా కష్టపడి రాసిన కోడ్. కానీ ఇదేంటో, ఎలా నడపాలో చెప్పాల్సిన రీడ్‌మీ ఫైల్లో ఒకే ఒక్క వాక్యం ఉంది, అది కూడా ప్రాజెక్టు టైటిలే. వాళ్ళు వెళ్ళిపోయాక దాన్ని నడిపినవాళ్ళు లేరు. ఏడాది పని అలా మూలన పడి ఉండటం నాకు నిజంగా బాధేసింది.

మొదటి క్లాసులో లైబ్రరీ నుంచి పాత ప్రాజెక్టు రిపోర్టులు కొన్ని తెచ్చి బల్లల మీద పెట్టాను, బంగారు అక్షరాల బైండింగ్‌తో సహా. "దీన్ని చదివి ఈ ప్రోగ్రాముని మీ ల్యాప్‌టాప్‌లో నడపగలరా?" అని ఒకటే ప్రశ్న. సర్టిఫికెట్, డిక్లరేషన్, అక్నాలెడ్జ్‌మెంట్, ఎగ్జిస్టింగ్ సిస్టమ్, ప్రపోజ్డ్ సిస్టమ్, ఫీజిబిలిటీ స్టడీ, యూఎంఎల్ బొమ్మలు, అన్నీ ఉన్నాయి. ఎలా నడపాలో లేదు. హార్డ్‌వేర్ రిక్వైర్‌మెంట్స్ దగ్గర చాలా రిపోర్టుల్లో పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్ అని ఉంది. పెంటియం 4ని ఇంటెల్ 2008లోనే ఆపేసింది. ఒకరి రిపోర్టులోంచి ఇంకొకరు, వాళ్ళ దాంట్లోంచి మరొకరు ఎత్తి రాసుకుంటూ వచ్చారని పిల్లలకి అప్పటికప్పుడే అర్థమైంది. దీనికి వాళ్ళని బద్ధకస్తులనడం నాకు ఇష్టం లేదు. ఎవరూ చదవరని తెలిసిన కాగితాన్ని ఎవరైనా అలాగే రాస్తారు. చదివే మనిషి ఎదురుగా ఉంటే రాత మారుతుంది. ఈ సెమిస్టర్ అంతా నేను పట్టుకోబోయేది ఈ ఒక్కటే.

జూలై చివర్లో

జట్లుగా విడిపోయారు. మొదటి పని: ఎలాగోలా యాప్‌ని నడిపించుకుని, ఎలా నడిపారో ఒక పేజీలో రాయడం. నడిపించుకోవడానికే చాలా అవస్థ పడ్డారు, అది మంచికే.

తర్వాత ల్యాబ్‌లో పరీక్ష పెట్టాం. నియమం చిన్నది. రెండో ఏడాది నుంచి, ఆ యాప్ పేరు కూడా వినని ఒకరిని పిలుస్తాం. పైథాన్ లేని సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, ప్రింట్ తీసిన గైడు చేతికిస్తాం. వాళ్ళు పైకి చదువుతూ, ఏమనుకుంటున్నారో పైకే చెబుతూ చేసుకుంటూ పోవాలి. రాసిన జట్టు వెనక కూర్చుని, ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారో రాసుకోవాలి. నోరు మాత్రం తెరవకూడదు.

నోరు తెరవకుండా ఉండటమే అందరికీ కష్టమైంది. "పైథాన్ ఇన్‌స్టాల్ చేసి ఫైల్ రన్ చేయండి" అని ఒక జట్టు రాసింది. ఫోల్డర్‌లో యాప్, మెయిన్, రన్ అని మూడు పైథాన్ ఫైళ్ళున్నాయి. ఏది రన్ చేయాలి? రెండో ఏడాది అమ్మాయి మూడింటినీ వరసగా నొక్కి చూసింది. అంతకుముందే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పైథాన్‌ని పాత్‌లో (ప్రోగ్రాముల కోసం సిస్టమ్ వెతికే చోట్ల జాబితా) కలిపే చిన్న టిక్ బాక్స్ వదిలేసింది. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ దాన్ని మామూలుగా ఖాళీగానే చూపిస్తుంది, గైడులో దాని ఊసే లేదు, అందుకని కమాండ్ కొడితే పైథాన్ ఎవరో తెలియదంది సిస్టమ్. ఇంకో జట్టు గైడుతో వచ్చిన అబ్బాయి విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ యాప్‌కని విడిగా పెట్టుకునే పైథాన్ ఏర్పాటు) ఆన్ చేయబోతే స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదని ఎర్ర అక్షరాలొచ్చాయి, అతను చేతులు కీబోర్డు మీంచి తీసేసి అలాగే కూర్చున్నాడు. వెనక నుంచి రాసిన కుర్రాడు ఆగలేక "అరే, కమాండ్ ప్రాంప్ట్‌లో తెరువురా" అనేశాడు. అప్పుడు నేను అన్నది ఇదే: ఇప్పుడు నువ్వు నోటితో చెప్పిన మాట గైడులో ఎక్కడుందో చూపించు.

ఆ తర్వాత డేటాబేస్ దగ్గర అన్ని జట్లూ ఆగిపోయాయి. డేటాబేస్‌లో టేబుల్స్ తయారుచేసే ఎస్‌క్యూఎల్ ఫైల్ అసలు రిపోజిటరీలోనే (గిట్‌హబ్‌లో ఈ ప్రాజెక్టు ఫోల్డర్) లేదు, సీనియర్ల ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. మైఎస్‌క్యూఎల్ రూట్ పాస్‌వర్డేమో కోడ్ లోపలే రాసి ఉంది. ఇవి రాత తప్పులు కావు, కోడ్ లోపాలే. కానీ గైడు రాయడానికి కూర్చుంటే తప్ప ఎవరి కంటా పడలేదు. డాక్యుమెంటేషన్ అంటే కోడ్ అయిపోయాక చేసే పూత పని అనుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఆగస్టు, మొదటి మిడ్‌కి ముందు

తమకి తెలిసింది అవతలివాళ్ళకీ తెలుసని ఎందుకనుకుంటాం? దీని మీద ఒక ప్రయోగం ఉంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని కొందరిని అందరికీ తెలిసిన పాటల వరసని వేళ్ళతో బల్ల మీద కొట్టమంది, విన్నవాళ్ళు పాట పేరు చెప్పాలి. కొట్టినవాళ్ళు సగం పాటలైనా గుర్తుపడతారనుకున్నారు. కొట్టిన 120 పాటల్లో గుర్తుపట్టింది 3. మా క్లాసులోనూ చేశాం. బల్ల మీద కొట్టిన ప్రతివాడికీ తలలో పాట మొత్తం వినిపిస్తోంది, మాటలతో సహా, విన్నవాళ్ళకి టకటక తప్ప ఏమీ లేదు. "అంత ఈజీ పాట కూడా తెలియదా" అని నిజంగానే కోపగించుకున్నారు కొందరు. ఆ కోపం పట్టుకుని గైడుల దగ్గరికి తీసుకొచ్చాను.

ఈ నెల్లో అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది బగ్ రిపోర్టుల క్లాసు. అప్పటిదాకా బగ్ అంటే వాట్సాప్‌లో "పని చేయట్లేదు మేడమ్" అని ఒక మెసేజ్, కింద ఫోన్‌తో వంకరగా తీసిన స్క్రీన్ ఫోటో. ఇంగ్లీషులో సరిగ్గా రాయమంటే ఒక కుర్రాడు "డేట్ ఈజ్ నాట్ వర్కింగ్ ప్రాపర్లీ డ్యూ టు సమ్ టెక్నికల్ ఇష్యూ" అని రాసిచ్చాడు. సరే, కాగితం పక్కన పెట్టు, ఏం జరిగిందో నాకు తెలుగులో చెప్పు అన్నాను. అతను చెప్పింది దాదాపు యథాతథంగా రాస్తున్నాను: "మేడమ్, ఆగస్టు అయిదో తారీకు రీడింగ్ ఎంటర్ చేస్తే గ్రాఫ్‌లో మే నెల్లో కనిపిస్తా ఉంది. పన్నెండో తారీకు దాకా అట్నే నెలలు తారుమారవుతున్నాయి. పదమూడు నుంచి అసలు సేవ్ కాలా."

ఇందులో మొత్తం రోగం ఉంది. రోజు ముందు, నెల తర్వాత రాస్తే ప్రోగ్రాము నెల ముందు అనుకుంటోంది, పదమూడో నెల లేదు కాబట్టి అక్కడ్నుంచి తిప్పికొడుతోంది. ఇది చదివినవాడు కోడ్‌లో ఏ లైను చూడాలో నిమిషంలో పట్టుకుంటాడు. చూసింది చూసినట్టు చెప్పగలిగిన పిల్లవాడు ఇంగ్లీషులో రాయమనగానే చూసినవన్నీ వదిలేసి, పెద్దగా వినిపించే మాటలు నాలుగు వేశాడు. అతనికి లేనిది ఆలోచన కాదు. ఆఫీసు భాషలా ఉంటేనే రాత అని ఎక్కడో చిన్నప్పుడే మనసులో పడిపోయింది, పడేసింది మనమే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఏది రాయాలన్నా ముందు పక్కవాడికి తెలుగులో చెప్పాలి, ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి, విని, అందులో ఉన్న వివరాలు ఒక్కటీ పోకుండా చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టాలి. గ్రామర్ తప్పులు తర్వాత ఇద్దరం కూర్చుని దిద్దుకుంటాం. బగ్ రిపోర్టుకైతే ఏం చేశావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది, ఏ వెర్షన్‌లో, అంతే. ఎర్రర్ మెసేజ్ ఫోటో తీయొద్దు, అక్షరాలు కాపీ చేసి పెట్టాలి, వెతికేవాడికి ఫోటోలో అక్షరాలు దొరకవు. తేదీ మటుకు ఇక మీదట అందరం ఏడాది, నెల, రోజు వరసలోనే, ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పినట్టు.

ఆగస్టు చివర

ఒక జట్టు రీడ్‌మీ చాలా అందంగా వచ్చింది, రాకెట్ బొమ్మలు, ఫీచర్ల జాబితా, అన్నీ. ఇన్‌స్టాల్ చేయడానికి "ఎన్‌పీఎం ఇన్‌స్టాల్" కొట్టమని ఉంది. అది జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల కమాండ్, మన యాప్ పైథాన్. ఏఐ రాసిచ్చిందని వాళ్ళే ఒప్పుకున్నారు. నేను ఏఐ వద్దనలేదు, అననూ అనను, రేపు ఉద్యోగంలో వాడతారు. నా షరతు ఒక్కటే: గైడులో ఉన్న ప్రతి కమాండూ, ప్రతి స్టెప్పూ ఖాళీ సిస్టమ్ మీద వేరే మనిషి చేసి చూసి ఉండాలి, చేసినవాళ్ళ సంతకం కింద ఉండాలి. సంతకానికి వెళ్ళినప్పుడు ఆ అందమైన పేజీలో నిలబడ్డవి నాలుగైదు లైన్లు. మిగతాది వాళ్ళే మళ్ళీ రాశారు.

ఇంకో మాట అదే వారంలో వచ్చింది. "మేము రాసింది ఎవరు చూస్తారు మేడమ్, ఇంకా చదువుకుంటున్నాం కదా" అని. ఆర్‌ఎఫ్‌సీల (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) గురించి చెప్పాను. ఇంటర్నెట్ ఎలా పనిచేయాలో చెప్పే పత్రాల వరస అది, ఇప్పటికీ నడుస్తోంది. అందులో 1వ నంబరు పత్రం 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ రాశాడు, అప్పటికి అతను లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏలో చదువుకుంటున్న కుర్రాడే. ఇంట్లో మిగతావాళ్ళ నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక రాత్రిపూట బాత్‌రూమ్‌లో కూర్చుని రాశానని తర్వాత చెప్పుకున్నాడు. పెద్దవాళ్ళు ఎవరైనా వచ్చి ఇది మీ పని కాదంటారేమోనని, ఆజ్ఞల్లా కాకుండా అభిప్రాయాలు అడుగుతున్నట్టుగా పేరు పెట్టుకున్నారు. ఇది చెప్పేటప్పుడు వెనక బెంచీల్లో కూడా ఫోన్లు కిందికి దిగాయి.

సెప్టెంబరు

డానియెల్ ప్రొచీదా అనే ఆయన డయాటాక్సిస్ అని ఒక పద్ధతి చెప్పాడు. డాక్యుమెంటేషన్ నాలుగు రకాలు: కొత్తవాణ్ణి చెయ్యి పట్టి నేర్పించేది, ఫలానా పని ఎలా చేయాలో చెప్పేది, వివరాలు వెతుక్కోవడానికి పెట్టుకునేది, ఎందుకలా చేశామో వివరించేది. ఒకటి రాస్తూ ఇంకొకటి అందులో దూర్చకూడదు. మా పిల్లల గైడుల్లో ఇన్‌స్టాల్ స్టెప్పుల మధ్యలో మైఎస్‌క్యూఎల్ గొప్పదనం మీద పేరా ఉండేది, అది తీసి వేరే పేజీలో పెట్టడానికి చాలా వాదించుకున్నారు. తీశాక అందరికీ తేలిగ్గా ఊపిరి ఆడింది.

రిపోర్టు ఫార్మాటు గురించి డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడాను. ఫార్మాటు మారదు, అది అర్థమైంది. కానీ రిపోర్టు వెనక నడిపించే గైడు ఒకటి జత చేయాలి, దానికి ఇంటర్నల్ మార్కుల్లో వాటా ఉంటుంది అన్నదానికి ఒప్పుకున్నారు. సంతోషం.

పాసివ్ వాయిస్ మీద ఒక గంట. "టోకెన్ ఈజ్ వ్యాలిడేటెడ్" (లాగిన్ అయినవాళ్ళకిచ్చే గుర్తు సరైనదేనా అని చూడటం) అని రాస్తే ఎవరు చూస్తున్నారు, బ్రౌజరా, సర్వరా? సెక్యూరిటీ అంతా ఆ "ఎవరు" మీదే ఉంది. కర్త లేని వాక్యం కనిపిస్తే ఎర్ర పెన్నుతో "ఎవరు?" అని రాయడం మొదలుపెట్టారు, ఒకరి కాగితం మీద ఒకరు.

దసరా సెలవుల తర్వాత

ఇది పెద్ద ఎంట్రీ.

రైతు కోసం రాసే తెలుగు గైడు ఈ జట్లన్నీ కలిసి చేశాయి. క్లాసులో ఒకబ్బాయి వాళ్ళ బాబాయికి అల్లూరు వైపు రొయ్యల గుంటలున్నాయి. ఆయన ఒప్పుకుంటే ఆదివారం పొద్దున కొందరం వెళ్ళాం. గట్టు మీద మోటారు షెడ్డు దగ్గర కూర్చున్నాం, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. ల్యాబ్‌లో లాగే నియమం: ఆయన చదువుతారు, మేం మాట్లాడం. పిల్లాడు బాబాయికి ముందే చెప్పాడు, "తప్పయితే తప్పని చెప్పు బాబాయ్, మొహమాటపడొద్దు" అని.

మొదటి పేజీలో యాప్ పరిచయం, లక్ష్యాలు, ఏ టెక్నాలజీతో చేశారు. ఆయన పేజీ తిప్పారు. రెండో పేజీలో "లాగిన్ ప్రక్రియ", అందులో "సమర్పించు అను బటన్ నొక్కబడవలెను". ఆయన అక్కడ ఆగి, "ఏందబ్బయ్యా ఇది, రిజిస్టర్ ఆఫీసు కాగితం మాదిరి రాశారే" అన్నారు. పిల్లలు తలెత్తలేదు, రాసుకున్నారు. కాసేపు తిరగేసి ఆయనే అడిగారు: "డీఓ పడిపోతే ఏం చేయాల్నో ఎక్కడుంది?" అది చివరి పేజీలో ఉంది, ఎఫ్‌ఏక్యూ (తరచూ అడిగే ప్రశ్నలు) కింద.

అప్పుడు ఆయన వివరంగా చెప్పారు, పిల్లలకి అది ఏ పాఠంలోనూ దొరకదు. పగలు ఎండకి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది, కానీ రొయ్యా, నాచూ, అడుగున కుళ్ళే మేతా అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకని తెల్లవారుజామున, పొద్దు పొడవక ముందు డీఓ అన్నిటికంటే కిందికి దిగుతుంది. నాలుగు పీపీఎం (లీటరు నీళ్ళకి నాలుగు మిల్లీగ్రాములు) కంటే పైనే ఉంచుకోవాలని చూస్తారు. అది దాటి దిగితే ఏరియేటర్లు పెంచాలి, మేత ఆపాలి, ఆలస్యమైతే గుంటకి గుంట పోతుంది. అంటే ఈ గైడు తెరిచే మనిషి ఎప్పుడు తెరుస్తాడు? తెల్లవారుజామున నాలుగింటికి, చీకట్లో, గట్టు మీద, తడి చేతుల్తో, టెన్షన్‌లో, ఒక చేత్తో టార్చి పట్టుకుని. ఆ మనిషికి మనం లక్ష్యాలు, టెక్నాలజీ ముందు పెట్టాం.

తిరుగు ప్రయాణంలో బస్సులోనే మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. కొత్త మొదటి పేజీలో పెద్ద అక్షరాలు, ఎర్ర గుర్తు వస్తే చేయాల్సింది వరసగా, ఒక్కో లైనుకి ఒక్కో పని. లాగిన్ అదీ వెనక్కి పోయింది, ఎందుకంటే ఒకసారి అయ్యాక ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. సెలినిటీ పక్కన యూనిట్ లేదు, పీపీటీ (వెయ్యికి ఎన్ని పాళ్ళు) అని చేర్చారు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూసిన అంకె ఉన్నదున్నట్టు వేయమని ఒక వాక్యం. "చెరువు" అన్న చోటల్లా "గుంట" అయింది, వాళ్ళింట్లో అదే అంటారు కాబట్టి. యాప్‌లో తప్పు అంకె వేస్తే "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని వచ్చేది, దాన్ని కూడా మార్చారు: "డీఓ అంకెల్లో మాత్రమే వేయండి, ఉదాహరణకు 4.5". ఎర్రర్ మెసేజ్ కూడా టెక్నికల్ రైటింగే అని నేను జూలైలో చెప్పాను, అప్పుడు ఎవరికీ పట్టలేదు, గట్టు మీద పట్టింది. ఆ ఆదివారం నేను చెప్పిన పాఠమంటూ ఏమీ లేదు. అయినా ఈ సెమిస్టర్‌లో ఇంత బాగా నేర్చుకున్న రోజు ఇంకొకటి లేదని నా నమ్మకం, అందుకే ఏ కాలేజీలో ఈ క్లాసు చెప్పేవాళ్ళనైనా నేను అడిగేది ఇదే, మీ ఊళ్ళో చదివే మనిషిని ఒకర్ని వెతకండి, నర్సయినా, రైసు మిల్లు గుమాస్తా అయినా, గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరైనా సరే.

నవంబరు

వానలు పట్టుకున్నాయి, మాకిక్కడ ఈశాన్య రుతుపవనాలదే జోరు. బస్సులు ఆలస్యం, కరెంటు వచ్చీ పోతోంది. క్లాసులు కొన్ని పోయినా పని ఆగలేదు.

కోడ్ మార్చి దాచిన ప్రతిసారీ జత చేసే చిన్న నోట్లు, అంటే కమిట్ మెసేజ్‌ల మీద కూర్చున్నాం. పాత హిస్టరీలో "ఫైనల్", "ఫైనల్ 2", "ఛేంజెస్", "అప్‌డేటెడ్" తప్ప లేదు. మామూలు ఆనవాయితీ చెప్పాను: మొదటి లైను 50 అక్షరాల లోపు, తర్వాత ఒక లైను ఖాళీ, కింద ఎందుకు మార్చామో, లైనుకి 72 అక్షరాలు దాటకుండా. ఏం మార్చామో కోడ్‌లో కనబడుతుంది, ఎందుకన్నది మెసేజ్‌లో తప్ప ఎక్కడా ఉండదు. తేదీ బగ్ సరిచేసిన కుర్రాడు రాసిన మెసేజ్‌లో పదమూడో తారీకు సంగతి ఉంది. చదివి చాలా సంతోషమేసింది.

ఇప్పుడున్న స్థితి. ఖాళీ సిస్టమ్ మీద రెండో ఏడాది పిల్లలు ఎవరి సాయం లేకుండా యాప్ నడిపించుకుంటున్నారు. ఎస్‌క్యూఎల్ ఫైల్ సీనియర్లని అడిగి తెప్పించుకుని రిపోజిటరీలో పెట్టాం, పాస్‌వర్డ్ కోడ్‌లోంచి తీసి వేరే సెట్టింగుల ఫైల్లోకి మార్చాం. ఆ బాబాయి గారు ఒక గుంటకి రీడింగులు యాప్‌లో వేస్తున్నారు, నోటు పుస్తకం మానలేదు, మానమని మేమూ అనలేదు. ఇంగ్లీషు భయం పోయిందని చెప్పను, కొందరికి తగ్గింది, ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ తెలుగులో రాసిచ్చి పక్కవాళ్ళతో మార్పించుకుంటున్నారు, నాకది సమ్మతమే. కోడ్ మారితే గైడు కూడా అదే మార్పులో మారాలి, లేకపోతే కలుపుకోం అన్న నియమం పెట్టాం కానీ అది ఎంతమంది పాటిస్తారో పరీక్షల హడావుడిలోనే తెలుస్తుంది.

మిగిలిన పెద్ద ఖాళీ బ్యాకప్. సర్వర్ ఆగిపోతే రైతు రీడింగులు ఎలా వెనక్కి తెచ్చుకోవాలో ఎవరూ రాయలేదు, రాయడానికి ముందు ఎవరూ చేసి కూడా చూడలేదు. పరీక్షకులుగా వచ్చిన రెండో ఏడాది వాళ్ళలో ఇద్దరు ఆ పేజీ తాము తీసుకుంటామన్నారు. ల్యాబ్‌లో ఒక సిస్టమ్ మీద డేటాబేస్ కావాలని చెరిపేసి, వాళ్ళు రాసిన పేజీ పట్టుకుని మూడో ఏడాది వాళ్ళు తిరిగి నిలబెట్టాలి. డిసెంబరులో మొదటి పని అది.